గుంటూరు ఠాణాలో వినిపించే తెలుగు

సినిమా సమీక్ష బందరుకు కొత్త కాదు. ముట్నూరి కృష్ణారావు సంపాదకుడిగా బందరు నుంచి వెలువడిన కృష్ణాపత్రికలో, 1930లలో కమలాకర కామేశ్వరరావు ‘సినీఫాన్’ పేరుతో సినిమాల మంచిచెడ్డలు రాసేవారు. ఆయన బందరు బిడ్డే. తర్వాత మద్రాసు వెళ్లి దర్శకుడై, 1963లో ‘నర్తనశాల’ ఇచ్చారు.

సమీక్షలు రాసేవాళ్లకి గట్టి పరీక్ష పెట్టిన సినిమా వెట్రిమారన్ తీసిన ‘విసారణై’. తమిళ సినిమానే, కానీ సగం కథ గుంటూరులో జరుగుతుంది. 1983లో అక్కడి లాకప్పులో నరకం చూసిన ఎం. చంద్రకుమార్, తర్వాత కోయంబత్తూరులో ఆటో నడుపుకుంటూ రాసిన ‘లాకప్’ దీనికి ఆధారం. 2015లో వెనిస్‌ చిత్రోత్సవంలో అమ్నెస్టీ ఇటలీ పురస్కారం అందుకుంది. ఉత్తమ తమిళ చిత్రంగా, సహాయ నటుడికి, ఎడిటింగ్‌కి జాతీయ అవార్డులూ తెచ్చుకుంది. విమర్శకులు నిజాయితీని మెచ్చుకున్నారు. దెబ్బలు మరీ ఎక్కువయ్యాయి, కళ్లప్పగించి చూడలేమన్నవాళ్లూ ఉన్నారు.

చూడలేకపోవడం సినిమా లోపమా?

పోలీసు దెబ్బ మన తెరకు కొత్తేమీ కాదు. ‘కొండవీటి సింహం’లో ఎన్టీఆర్ ఎస్పీ యూనిఫాం వేసింది 1981లో. 1989లో ‘అంకుశం’ వచ్చింది. రాజశేఖర్ రౌడీ నీలకంఠాన్ని నడివీధిలో కొట్టుకుంటూ తీసుకెళుతుంటే హాలు ఊగిపోయింది. అక్కడ తన్నులు తినేవాడు దుర్మార్గుడని మనకు ముందే తెలుసు. అందుకే ఆ దెబ్బ మనకు తగల్లేదు. ‘విసారణై’లో తన్నులు తినేది పార్కులో పడుకునే తమిళ కూలీలు. చేయని దొంగతనం ఒప్పుకోమని వాళ్లని చావబాదుతారు. లాఠీ అదే, కెమెరా మాత్రం కింద పడ్డవాడి పక్కన కూర్చుంది.

తెలుగువాడికి ఇందులో ఇంకో కష్టం ఉంది. ఇన్‌స్పెక్టరుగా అజయ్ ఘోష్ తెలుగులో గద్దిస్తాడు. ఆ కుర్రాళ్లకు ఏమడుగుతున్నారో సరిగా అర్థం కాదు. మనకు ప్రతి మాటా అర్థమవుతుంది. ఆ గదిలో మనం ఏ పక్క కూర్చున్నామో అప్పుడు తెలుస్తుంది. కోర్టులో కూడా వాళ్ల గోడు జడ్జికి చేరాలంటే మధ్యలో సముద్రఖని వేసిన తమిళ పోలీసు నిలబడి చెప్పాలి. బందరులోనో అవనిగడ్డలోనో కూర్చుని రాసే సమీక్షకుడు నటన, ఛాయాగ్రహణం, నేపథ్య సంగీతం అంటూ మార్కులు వేసుకుంటూ పోయి ఈ సంగతి వదిలేస్తే, తన పాఠకుడికి చెప్పాల్సిన ముఖ్యమైన ముక్కే వదిలేసినట్టు. మన భాష అక్కడ బెదిరించడానికి పనికొచ్చిందన్న బాధ తమిళ విమర్శకుడు రాయలేడు. అది మనమే రాయాలి.

రెండో సగం మీద మాత్రం అభ్యంతరం చెప్పక తప్పదు. కథ చెన్నై చేరి, కిశోర్ వేసిన ఆడిటర్ చుట్టూ రాజకీయం బిగుసుకుంటుంది. వేగం పెరుగుతుంది, ఉత్కంఠా పెరుగుతుంది. కానీ గుంటూరు గదిలో ఒక్కొక్క కూలీ ముఖాన్నీ అంత ఓపిగ్గా చూపించిన కెమెరా, ఇక్కడ పెద్దవాళ్ల ఎత్తుల వెంట పరుగెత్తుతుంది. ఆ కూలీల్లో ఒకడైన పాండి, అతని స్నేహితులు చాలాసేపు వాళ్ల కథలోనే పక్కకు జరిగిపోతారు.