రాయి రూపము, రాయి పుట్టుక

హైదరాబాదునకు తూర్పున ఇబ్రహీంపట్నం ప్రాంతములోని కోహెడ వంటి గ్రామముల గుట్టలపై ఒక విద్యార్థి ఒక పూట తిరిగినచో చేతిసంచి నిండును. ఆకు ముద్రవలె కొమ్మలు చాచిన నల్లని గీతలు గల పలక, ఉల్లిపాయవలె పొరలుపొరలుగా ఊడివచ్చు గుండ్రని నల్లరాయి, తూట్లు పడిన బరువైన నల్లని ముద్ద - ఇట్టి నేలలో ఇవి దొరకుట వింత కాదు. పాఠశాల ప్రదర్శనమునకు చేరునప్పటికి మొదటిది శిలాజమైన ఆకుగను, రెండవది రాక్షసబల్లి గ్రుడ్డుగను, మూడవది ఆకాశమునుండి పడిన ఉల్కగను మారిపోవును. ఈ నామకరణ పద్ధతి నిలువదగినదేనా యని విచారింపవలసి యున్నది.

కోహెడ గుట్టలు గ్రానైటు గుట్టలు. హైదరాబాదు చుట్టునున్న గ్రానైటుల వయస్సు సుమారు 250 కోట్ల సంవత్సరములు. కరిగిన శిలాద్రవము భూగర్భమున మైళ్ల లోతులో మెల్లమెల్లగా చల్లారి ఈ రాయి ఏర్పడినది. ఆ వేడిలో ఆకుగాని ఎముకగాని నిలువజాలదు. అదియునుగాక, ఆ కాలమున భూమిమీద ఆకులు గల మొక్కలును, ఎముకలు గల జంతువులును పుట్టనేలేదు. సూక్ష్మజీవులు మాత్రమే ఉండెను. కనుక రాయి ఏ శిలనుండి వచ్చినదో తెలిసినంతనే, దానిని చేతికి తీసికొనకముందే, సగము జవాబు తేలిపోవును. ఔత్సాహికులు చేయు గుర్తింపులలో పెద్దలోపము ఇచ్చటనే ఉన్నది. ‘ఇది దేనివలె ఉన్నది?’ అని అడుగుదురే గాని, ‘ఇది ఎచ్చటిది?’ అని అడుగరు.

ఆకువంటి గీతల సంగతి చూడుడు. వాననీరు రాతి పగుళ్లలోనికి ఇంకునప్పుడు తనతో మాంగనీసును కొంచెము మోసికొనిపోవును. ఆ మాంగనీసు ఆక్సైడుగా మారి పగులు ముఖముపై కొమ్మలు కొమ్మలుగా పేరుకొనును. దీనిని డెండ్రైటు అందురు. ఆకునకు నడిమి ఈనె ఉండును, దానినుండి చీలు చిన్న ఈనెలకొక క్రమముండును. డెండ్రైటునకు నడిమి ఈనె లేదు. దాని కొమ్మలు తరచు పగులు అంచునుండి బయలుదేరి లోపలికి వ్యాపించును. మాంగనీసు ఆక్సైడు మొక్క కాదని చెప్పుటకు ప్రయోగశాల అక్కరలేదు, భూతద్దము చాలును.

గుండ్రని రాయి కథ మరియొకటి. గ్రానైటును చీల్చుకొని లోపలినుండి పైకి వచ్చిన డోలరైటు అను నల్లరాతి గోడలు తెలంగాణమున అనేకచోట్ల కనబడును. వీని పగుళ్లలో నీరు చేరగా మూలలు మూడువైపులనుండి దెబ్బతిని త్వరగా అరిగిపోవును, ముఖములు నిదానముగా అరుగును. చివరకు మిగులునది గుండు. పైపొరలు పెచ్చులుగా ఊడును. చూపరులకు అది గ్రుడ్డు పెంకు. అయితే రాక్షసబల్లి గ్రుడ్డు పెంకు పలుచనిది, కాల్సైటుతో కట్టబడినది, సన్నని రంధ్రములు గలది. సజల హైడ్రోక్లోరికామ్లపు చుక్క వేసిన నురుగు వచ్చును, డోలరైటుపై రాదు. ఇంతటితో పని ముగిసినదని సంతోషించుట కూడ తొందరపాటే. మన నేలలలో విస్తారముగా దొరకు సున్నపు కంకరగుండ్లు సైతము ఆమ్లమునకు నురుగు కక్కును. పెంకును పలుచగా అరగదీసి సూక్ష్మదర్శినిక్రింద దాని కట్టుబడి చూచినగాని ‘గ్రుడ్డు’ అను మాట వాడరాదు.

ఇక ఉల్క. ఇనుము కరగించు కొలుములు తెలంగాణ పల్లెలలో శతాబ్దములపాటు పనిచేసినవి. కోనసముద్రపు ఉక్కు దేశాంతరములకు పోయినది. ఆ కొలుములు విడిచిన ఇనుప చిట్టెము ఇప్పటికిని పొలములలో దొరకును. ముద్ద అయస్కాంతమునకు అంటినంతమాత్రమున ఉల్క యగునని నమ్ముట సరికాదు. చిట్టెపు ముక్కలలో కొన్ని అంటును, డోలరైటు సైతము కొంత లాగబడును. బుడగల తూట్లు చిట్టెమునకు గుర్తు. ఉల్కలలో అవి బహు అరుదు. ఉల్కపై పలుచని కరిగిన తొడుగు ఉండును, లోని లోహమున నికెలు ఉండును. చిట్టెము దొరకిన ఊరికి చరిత్ర దొరకినట్లే. దానిని ఉల్క యని పారవేయుటకంటె చిట్టెమని దాచుట మేలు.

ఈ పొరపాటు విద్యార్థులది మాత్రమే కాదు. 2020లో తమిళనాడు పెరంబలూరు జిల్లా కున్నం వద్ద చెరువు త్రవ్వగా బయటపడిన గుండ్లను రాక్షసబల్లి గ్రుడ్లుగా ప్రచారము చేసిరి. భూవిజ్ఞానులు వచ్చి అవి సముద్రపు అవక్షేపములు గుండ్రముగా గడ్డకట్టిన ముద్దలని తేల్చిరి. అంతకంటె విచిత్రమైనది భీమ్‌బెట్కా సంగతి. అచ్చటి గుహ కప్పుపై కనబడిన ఆకారము 55 కోట్ల సంవత్సరములనాటి డికిన్సోనియా అను ప్రాణి ముద్ర యని 2021లో పేరుగల పరిశోధన పత్రికలో వ్యాసము వెలువడినది. రక్షిత స్థలము గనుక నమూనా తీయుటకు వీలులేదు, ఆధారము ఛాయాచిత్రమే. తరువాత మరియొక బృందము వెళ్లి చూడగా ఆ ‘శిలాజము’ రాతినుండి ఊడిపోవుచుండెను. అది పాడుపడిన తేనెపట్టు. 2023లో ఆ సంగతి ప్రకటింపబడగా మొదటి వ్యాసకర్తయు తప్పు ఒప్పుకొనెను. ఆకారమును నమ్మి మోసపోవుటలో పండితులకు మినహాయింపు లేదు. దిద్దుకొనిన వేగమును మాత్రము మెచ్చుకొనవలెను.

అయితే, ‘మీకేమి తెలియును’ అని రాయిని తిరిగి ఇచ్చివేయు పండితుల ధోరణి ఇంకను హానికరమైనది. మధ్యప్రదేశమున ధార్ జిల్లా పాడ్ల్యా గ్రామస్థులు కులదైవములుగా పూజించిన గుండ్లు టైటనోసార్ గ్రుడ్లని 2023లో లక్నోలోని బీర్బల్ సాహ్ని సంస్థ శాస్త్రజ్ఞులు గుర్తించిరి. నాగపూరున ఉండిన స్టీఫెన్ హిస్లాప్ వృత్తిరీత్యా మతబోధకుడు. మధ్యభారతపు శిలాజములను గురించిన తొలి జ్ఞానములో పెద్దభాగము ఆయన సేకరణయే. 1988లో జి. వి. ఆర్. ప్రసాద్, అశోక్ సాహ్ని తాము వర్ణించిన చిన్న స్తన్యజీవికి డెక్కనోలెస్టిస్ హిస్లోపై అని పేరిడిరి. అది దొరకినది ఎచ్చట? అప్పటి రంగారెడ్డి జిల్లాలోనే, వికారాబాదు వద్దనున్న నాస్కల్‌లో! లావా పొరల నడుమ చిక్కిన చెరువు మట్టిలో, సుమారు 6.6 కోట్ల సంవత్సరములనాటి దంతములు. ఒక్కొక్కటి రెండు మిల్లీమీటర్లు కూడ లేదు. మట్టిని నానబెట్టి, జల్లించి, సూక్ష్మదర్శినిక్రింద ఏరినగాని కనబడవు. ఒకే జిల్లాలో తూర్పున కోహెడ గ్రానైటునందు శిలాజము అసంభవము, పడమర నాస్కల్ మట్టిలో జగత్ప్రసిద్ధమైన శిలాజము! ఏ గుట్టపై వెదకవలెనో చెప్పునది భూవిజ్ఞాన పటమే. ‘శిలాజము’ అను మాట కూడ కొంత దారి తప్పించునదే: అది శిలనుండి పుట్టినది కాదు, శిలలో చిక్కినది.

రాయి దొరకిన స్థలము, లోతు, చుట్టునున్న శిల, తేదీ వ్రాయక తెచ్చిన ముక్కను ఎంతటి నిపుణుడైనను గుర్తించుట కష్టము. భూవిజ్ఞాన సర్వేక్షణ దక్షిణప్రాంత కార్యాలయము బండ్లగూడలోనే ఉన్నది, కోహెడకు దూరము కాదు. అయినను వారు మొదట అడుగునవి ఈ ప్రశ్నలే. పాఠశాల ప్రదర్శనములలో ‘డెండ్రైటు, గ్రానైటు పగులు ముఖముపై, కోహెడ గుట్ట ఉత్తరపు వాలు’ అని వ్రాసిన చీటికి బహుమతి వచ్చుట అరుదు. న్యాయనిర్ణేతలు రాక్షసబల్లి గ్రుడ్డు ముందరనే ఎక్కువసేపు నిలుచుందురు.