అప్పు ఉంది, ఓనర్ ఉన్నాడు, సంఘమే లేదు

2025 సెప్టెంబరులో ‘డీమన్ స్లేయర్: ఇన్ఫినిటీ కాజిల్’ తెలుగు డబ్బింగుతో మన థియేటర్లలోకి వచ్చింది. అనిమే అంటే చిన్నపిల్లల కార్టూన్లేగా అని తీసిపారేసే రోజులు పోయాయి. కాబట్టి సినిమాలకీ నవలలకీ వేసే ప్రశ్నలు దీనికీ వేయొచ్చు. అలాంటి ప్రశ్న ఒకటి చాలాకాలంగా వినిపిస్తోంది. యుద్ధం, అడవులు, ఒంటరితనం, చావు, దేవుడు, ఇన్నిటి గురించి ఇంత లోతుగా మాట్లాడే అనిమే, పెట్టుబడి గురించీ వర్గం గురించీ ఎందుకు నోరు విప్పదు?

నా లెక్కలో ఈ ప్రశ్న సగమే సరైంది. అనిమే నిండా డబ్బు గొడవలే. లేనిది ఇంకేదో ఉంది.

ముందు ‘డీమన్ స్లేయర్’నే చూద్దాం. సీరీస్‌లో గ్యుతారో అనే రాక్షసుడు ఉంటాడు. యోషివారా అనే వేశ్యావాటికలో, అందులోనూ అట్టడుగు పేటలో పుట్టినవాడు. ఎలకల్నీ పురుగుల్నీ తిని పెరిగాడు. పెద్దయ్యాక దొరికిన పని అప్పుల వసూళ్ళు. చెల్లెల్ని సజీవంగా తగలబెడతారు. ఆ తర్వాత రాక్షసుడవుతాడు. ఇదంతా మనకి తెలిసేది ఎప్పుడు? వాడి ఓటమి ఖాయమయ్యాక, ఫ్లాష్‌బ్యాక్‌లో. తంజిరో జాలిపడతాడు, మనం కళ్ళు తుడుచుకుంటాం, కథ తర్వాతి రాక్షసుడి దగ్గరికి వెళ్ళిపోతుంది. పేదరికం ఇక్కడ ఒక గాయం, ఒక మనిషి గతం. ఆ పేట ఎవరి లాభం కోసం నడుస్తోంది అన్నది మాత్రం కథకి పట్టదు.

ఈ కథ జరిగే తైషో కాలం (1912-26) అసలు చరిత్రలో ఎలా ఉండేది? 1918లో బియ్యం ధరలు పెరిగితే తొయామా తీరంలో జాలరి పల్లెల ఆడవాళ్ళు మొదలుపెట్టిన గొడవ దేశమంతా పాకి ప్రధానమంత్రి రాజీనామా దాకా వెళ్ళింది. 1922లో కమ్యూనిస్టు పార్టీ పుట్టింది. తంజిరో బొగ్గులమ్ముకుని బతికే కుటుంబంలో పెద్ద కొడుకు. అతని జపాన్‌లో రైళ్ళున్నాయి, కరెంటు దీపాలున్నాయి, అందమైన కోట్లున్నాయి. బియ్యం ధర గురించి ఒక్కరూ మాట్లాడరు.

ఇది కమర్షియల్ యాక్షన్ సీరీస్ కదా, దీని దగ్గర అంత ఆశించడం అన్యాయం అంటారా? సరే, మియజాకి దగ్గరికి వెళ్దాం. ‘స్పిరిటెడ్ అవే’ (2001) కన్నా పని గురించి బాగా చెప్పిన అనిమే నాకు తెలీదు. సినిమా మొదట్లోనే చిహిరో నాన్న, ఇది బబుల్ రోజుల్లో కట్టి తర్వాత వదిలేసిన థీమ్ పార్క్ అయ్యుంటుంది అంటాడు. ఆ శిథిలం వెనక దేవుళ్ళ స్నానశాల. అక్కడ పని లేకపోతే బతుకు లేదు. యుబాబా కాంట్రాక్టు మీద సంతకం పెట్టించుకుని చిహిరో పేరులోంచి అక్షరాలు లాగేసుకుంటుంది. మిగిలింది ‘సెన్’. ఆఫర్ లెటర్ మీద సంతకం పెట్టిన రోజు నుంచి ఎంప్లాయీ నంబరుగా బతికేవాళ్ళకి ఈ సీను విడమరిచి చెప్పక్కర్లేదు.

కానీ చివర్లో ఏం జరుగుతుంది? చిహిరో పరీక్ష నెగ్గుతుంది. యుబాబా చేతిలోని కాగితం మాయమవుతుంది. స్నానశాలలో వాళ్ళందరూ కేరింతలు కొడతారు. చిహిరో వెళ్ళిపోతుంది, హాకు కూడా తన పేరు తెలుసుకున్నాడు. మరి లిన్? చిహిరోకి పని నేర్పిన అక్క. ఒకరోజు ఇదంతా వదిలేసి ఆ నీళ్ళకి అవతలున్న ఊరికి వెళ్ళిపోతానని చెప్పిన మనిషి. ఆమె కాంట్రాక్టు అలాగే ఉంది. మర్నాడు పొద్దున మళ్ళీ నేల తుడవాలి. సినిమా ఆమెని మర్చిపోయిందని నేననను. కాకపోతే ఆమె విడుదల ఎలా సాధ్యమో ఊహించడం సినిమాకి చేతకాలేదు. ఒక్కరి కాంట్రాక్టు చెల్లకుండా పోవడం వరకే ఆ ఊహ వెళ్ళింది.

ఈ లోటు ఆర్థిక విషయాల్ని నేరుగా మాట్లాడే సీరీస్‌లలో ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. ప్రపంచ ఆర్థిక సంక్షోభం వేడి చల్లారకముందే, 2009లో ‘ఈడెన్ ఆఫ్ ది ఈస్ట్’ వచ్చింది. ఉద్యోగాల్లేని కుర్రాళ్ళు, వాళ్ళని చేతకానివాళ్ళుగా చూసే పెద్ద తరం, చేతులెత్తేసిన దేశం, అన్నీ ఉన్నాయి. పరిష్కారం ఏమిటంటే, పన్నెండు మందికి తలా వెయ్యి కోట్ల యెన్‌లున్న ఫోన్ ఇచ్చి దేశాన్ని బాగుచేయమనడం. సమస్య సమాజానిది, మందు మాత్రం మంచి మనసున్న ఒక ఖాతాదారుడు. మన స్టార్టప్ ఫౌండర్ల కథలు కూడా ఇంచుమించు ఇలాగే ఉంటాయి.

అందరికన్నా నిక్కచ్చిగా మాట్లాడింది ‘కైజీ’ (2007, 2011). అప్పు తీర్చలేనివాళ్ళని భూమి కింద సొరంగాల్లో పనిలో పెడతారు. జీతం పెరికాలనే అక్కడి సొంత కరెన్సీలో ఇస్తారు. పెరికా విలువ యెన్‌లో పదో వంతు. చల్లటి బీరు, వేయించిన చికెన్ అమ్మి ఆ జీతాన్ని మళ్ళీ అక్కడే లాగేస్తారు. తేయాకు తోటల్లో, బొగ్గు గనుల్లో కంపెనీ దుకాణాలు చేసిన పని ఇదే. పైగా, తనలాగే మోసపోయిన కొందరిని కైజీ కూడగడతాడు. వాళ్ళు నోరు కట్టుకుని పెరికాలు దాస్తారు, అందరూ కలిపి ఒకచోట పోగేస్తారు. అనిమేలో ‘మనం’ అన్న మాట అంత బలంగా వినిపించిన చోట్లు తక్కువ. కానీ ఆ పోగేసిన డబ్బు ఏం చేస్తారు? పాచికలాటలో పందెం కాస్తారు. గెలిచాక బయటికెళ్ళి ఇంకో జూదంలో గెలిచి తమని విడిపించమని కైజీనే పంపుతారు. చందాల దాకా వచ్చారు, సంఘం దాకా రాలేదు.

ఇదీ నేను చెప్పాలనుకున్న విషయం. అనిమేలో అప్పు ఉంది, కాంట్రాక్టు ఉంది, ఓనర్ ఉన్నాడు, ఆకలి ఉంది. వీటికి జవాబుగా ఒకే పనిచోట ఉన్న మనుషులు కలిసి నిలబడటం అనేది లేదు. దోపిడీ ఉంటుంది, కానీ వాతావరణంలా ఉంటుంది. తడవకుండా దాటడం ఎవరికి వాళ్ళే నేర్చుకోవాలి.

జపాన్ వాళ్ళ సంస్కృతే అంత, గొడవ పడరు, అనేది సులువైన జవాబు. అది నిలవదు. కొబయాషి తకిజి పీతల క్యానింగ్ ఓడ మీద కూలీల తిరుగుబాటుని ‘కనికోసెన్’ అనే నవలగా 1929లోనే రాశాడు. 1933లో పోలీసు కస్టడీలో చనిపోయాడు. అదే నవల 2008లో, పర్మనెంట్ ఉద్యోగాలు దొరకని కుర్రాళ్ళ చేతుల్లో మళ్ళీ బెస్ట్ సెల్లర్ అయింది.

అనిమేకి కూడా ఇది చేతకాదని కాదు. 1968లో తోయే స్టూడియో నుంచి వచ్చిన ‘హోరస్: ప్రిన్స్ ఆఫ్ ది సన్’ చూడండి. దర్శకుడు ఇసావో తకహాతా. కీలకంగా పనిచేసినవాళ్ళలో కుర్ర మియజాకి ఒకడు. ఇద్దరూ ఆ స్టూడియో కార్మిక సంఘంలో నాయకత్వం వహించినవాళ్ళే. కథలో హీరో దగ్గర ఒక గొప్ప కత్తి ఉంటుంది, కానీ దాన్ని ఒక్కడూ సానబట్టలేడు. ఊరంతా కలిసి మంట రాజేస్తేనే అది తయారవుతుంది. ఈ కథ ఎవరో పైనుంచి చెప్పిన నీతి కాదు. ఆ బొమ్మలు గీసినవాళ్ళు తమ స్టూడియోలో కలిసి అడగడం, కలిసి ఆపడం ఎలా ఉంటుందో చూసినవాళ్ళు. సినిమా ఆడలేదు. తకహాతాకి తోయేలో మళ్ళీ ఫీచర్ సినిమా దర్శకత్వం దక్కలేదు.

ఆ తర్వాత రెండు వైపుల నుంచి తలుపులు మూసుకున్నాయి. మొదటిది రాజకీయం. 1970లో విమానం హైజాక్ చేసి ఉత్తర కొరియాకి వెళ్ళిన రెడ్ ఆర్మీ కుర్రాళ్ళు తాము ‘అషితా నో జో’ మాంగాలోని బాక్సర్ జో లాంటివాళ్ళమని ప్రకటించుకున్నారు. రెండేళ్ళకి యునైటెడ్ రెడ్ ఆర్మీ తన సొంత సభ్యుల్నే చంపుకున్న సంగతి బయటపడింది. అసామా లాడ్జిలో వాళ్ళని పోలీసులు ముట్టడించడాన్ని దేశమంతా టీవీలో లైవ్‌గా చూసింది. ‘మనం’ అన్న మాటకి ఆ తర్వాత రక్తం వాసన అంటుకుంది.

రెండోది డబ్బు. 1963లో తెజుకా ‘ఆస్ట్రో బాయ్’ని ఖర్చు కన్నా తక్కువకే టీవీకి అమ్మాడు. బొమ్మలు, చాక్లెట్లు, స్టిక్కర్ల హక్కులతో ఆ లోటు పూడ్చాలన్నది లెక్క. అప్పట్నుంచి కార్యక్రమం కన్నా దాని చుట్టూ అమ్ముడుపోయే సరుకే ముఖ్యం. 1979 నాటి ‘గుండమ్’ని 52 ఎపిసోడ్లు అనుకుని 43కే ఆపేశారు. తర్వాత దాన్ని నిలబెట్టింది ప్లాస్టిక్ మోడల్ కిట్లు. ఇప్పుడు ప్రొడక్షన్ కమిటీ పద్ధతి నడుస్తోంది. పబ్లిషరు, టీవీ ఛానెల్, మ్యూజిక్ కంపెనీ, బొమ్మల కంపెనీ, యాడ్ ఏజెన్సీ తలా కొంత పెట్టుబడి పెట్టి హక్కులు పంచుకుంటాయి. బొమ్మలు గీసే స్టూడియోకి చాలాసార్లు ఫిక్స్‌డ్ రేటే, హక్కుల్లో వాటా ఉండదు. ఇందులో ఎవరూ కూర్చుని సెన్సార్ చేయక్కర్లేదు. అన్ని కంపెనీలూ తలూపగల కథలో కంపెనీ అనేదే సమస్యగా ఉండదు, అంతే.

స్టూడియో లోపల ఇంకో మెట్టు కింద యానిమేటర్లు. చాలామంది ఫ్రీలాన్సర్లు. మధ్య ఫ్రేములు గీసేవాళ్ళకి బొమ్మకింత చొప్పున లెక్క. యానిమేటర్ల సంఘం ‘జానికా’ 2015లో బయటపెట్టిన సర్వే ప్రకారం వాళ్ళ సగటు ఏడాది సంపాదన దాదాపు 11 లక్షల యెన్‌లు. టోక్యోలో అది బతకడానికి చాలదు. పక్క టేబుల్ వాడు సహోద్యోగి కూడా కాదు, ఇంకో కాంట్రాక్టరు. ‘హోరస్’ తీసినవాళ్ళకి ఊరంతా కలిసి మంట రాజేయడం ఎలా ఉంటుందో తెలుసు. ఇప్పుడు గీస్తున్నవాళ్ళ పనిలో ఆ అనుభవానికి చోటెక్కడ? తెర మీద కనిపించని ‘మనం’ స్టూడియోలో కూడా లేనిదే అని నా అనుమానం.

అందుకే ‘షిరోబాకో’ (2014) నాకు చాలా ఇష్టమైన సీరీస్, చాలా ఇబ్బంది పెట్టే సీరీస్ కూడా. అనిమే ఎలా తయారవుతుందో చూపించే అనిమే ఇది. డెడ్‌లైన్లు, నిద్రలేని రాత్రులు, పారిపోయే డైరెక్టరు. ప్రతి మలుపులోనూ గట్టెక్కించేది ఒకటే, ఈ పని మీద వాళ్ళకున్న ప్రేమ. ప్రేమ నిజమే. ఆ ప్రేమ వల్లే రేటు పెరగట్లేదేమో అని మాత్రం ఎవరూ అడగరు. రిలీజ్ ముందురోజు రాత్రి ఆఫీసులో పిజ్జాలు తిని, పొద్దున ‘గ్రేట్ టీమ్ ఎఫర్ట్’ అన్న మెయిల్ చదువుకున్నవాళ్ళకి ఇది జపాన్ విషయంలా అనిపించదు.

ఇక్కడ తెలుగు పాఠకుడికి ఒక అనుమానం రావచ్చు. బాహాటంగా మాట్లాడాలంటే మాదాల రంగారావు సినిమాల్లా ఎర్రజెండాలు, ఉపన్యాసాలు కావాలా అని. అక్కర్లేదు. ఆ సినిమాల్లోనూ జనం చాలావరకు హీరో వెనక నడిచేవాళ్ళే. నేనడిగేది నినాదం కాదు. స్నానశాలలో నీళ్ళు మోసేవాళ్ళు ఒక రాత్రి పని అయ్యాక కూర్చుని, రేపు యుబాబాని ఏం అడుగుదాం అని మాట్లాడుకునే ఒక్క సీను. పిల్లిబస్సునీ నడిచే కోటనీ ఊహించినవాళ్ళకి ఇది కష్టం కాకూడదు.

ఇది మనకెందుకంటే, అనిమేని ప్రేమించే నా తరం తన అలసటకి మాటలు చాలావరకు అక్కణ్నుంచే తెచ్చుకుంది. గ్రైండ్, లెవెల్ అప్, ట్రెయినింగ్ ఆర్క్. లేఆఫ్ వస్తే విలన్ ఆర్క్ దాటుతున్నానని స్టేటస్ పెట్టేవాళ్ళని చూస్తూనే ఉన్నాం. ఒకే రోజు ఒకే మెయిల్‌తో రెండొందల మంది పోతే అది రెండొందల విడి విడి ఆర్క్‌లు ఎలా అవుతుంది? ఆ రెండొందల మంది మాట్లాడుకోవడానికి కావాల్సిన మాట మన దగ్గర ఉందా?

ఈసారి ‘స్పిరిటెడ్ అవే’ చూసినప్పుడు చివర్లో చిహిరోని కాసేపు వదిలేసి, వంతెన దగ్గర గుమిగూడి కేరింతలు కొడుతున్నవాళ్ళని చూడండి. వాళ్ళందరి కాంట్రాక్టులూ ఇంకా యుబాబా దగ్గరే ఉన్నాయి. వాళ్ళు చాలామంది, యుబాబా ఒక్కతే. లిన్ కూడా అక్కడి మనిషే.