శ్రీనివాసుగారి మాండలిన్, శక్తి బృందము

మాండలిన్ శ్రీనివాసుగారు 2014 సెప్టెంబరు 19వ తేదీన చెన్నైలో పరమపదించిరి. అప్పటికి వారికి 45 ఏండ్లు. వారిని గూర్చి తెలుగువారిలో ఎవ్వరు ముచ్చటించినను మొట్టమొదట వచ్చు మాట 'బాలమేధావి' యని. పసితనమున వాద్యము పట్టి పెద్దలను విస్మయపరచిన బాలుని రూపము మన మనస్సులలో పాతుకొనిపోయినది. ఆ రూపము సత్యమే. కాని దానికి హారతులు పట్టుచు కూర్చుండుటచే నొక నష్టము వాటిల్లినది. ఆ బాలుడు పెద్దవాడై, ముప్పది యేండ్లకు పైగా ఏమి వాయించెను, ఎవరితో గూడి వాయించెను, అందు మేలేది, కొఱత యేది యను విచారణ మనలో సాగలేదు. ముఖ్యముగా శక్తి బృందమునందు వారు చేసిన పనిని గూర్చి తెలుగున విమర్శ మిక్కిలి తక్కువ. మేమిచ్చట ఆ పనికే పూనుకొనుచున్నాము.

శ్రీనివాసుగారు 1969 ఫిబ్రవరి 28న పశ్చిమ గోదావరి జిల్లా పాలకొల్లులో జన్మించిరి. తొలిపాఠము తండ్రి సత్యనారాయణగారి యొద్దనే. పిమ్మట చెంబై వైద్యనాథ భాగవతారు శిష్యులగు రుద్రరాజు సుబ్బరాజుగారు గురువులైరి. సుబ్బరాజుగారికి మాండలిన్ వాయించుట రాదు. ఆయన పాడెడివారు, శిష్యుడు విన్నదానిని వాద్యముపై పలికించెడివాడు. ఈ సంగతిని అబ్బురముగా చెప్పుకొందురే గాని దాని ఫలితమును గమనింపరు. వాద్యకారుని వ్రేళ్లను చూచి నేర్చినవానికి ఆ వ్రేళ్ల అలవాట్లు సంక్రమించును. కంఠమును విని నేర్చినవానికి కంఠమే ఆదర్శమగును. శ్రీనివాసుగారి ఆలాపనలో ఊపిరి తీసికొను తావులు వినబడుటకు కారణ మిదియే యని మా తలంపు. 1978లో గుడివాడలో త్యాగరాజ ఆరాధనోత్సవమున తొలి కచేరీ జరిగినది. తరువాత కాపురము చెన్నైకి మారినది. 1983లో బెర్లిను జాజ్ ఉత్సవమునకు పోయిరి. 1998లో పద్మశ్రీ వచ్చినది. బిరుదుల సంగతి ఇంతటితో చాలును.

మాండలిన్ పాశ్చాత్య వాద్యము, మన సంగీతమునకు తగదు అని ఆక్షేపించినవారు లేకపోలేదు. ఇట్టి ఆక్షేపణ మన దేశమున క్రొత్తది కాదు. పందొమ్మిదవ శతాబ్ది తొలిభాగమున బాలుస్వామి దీక్షితులు వయొలినును చేపట్టిరి. ద్వారము వేంకటస్వామినాయుడుగారి నాటికి అది పరాయిదని తెలుగునాట ఎవరికిని తోపనే లేదు. పాత క్రొత్తల తగవును కాళిదాసు మాళవికాగ్నిమిత్ర ప్రస్తావనలోనే తీర్చివేసెను. ఇంకను దానిని పట్టుకొని వ్రేలాడుట మనకు చెల్లినది! అడుగవలసిన ప్రశ్న వేఱు. ఈ వాద్యము గమకమును మోయగలదా?

వయొలినునకు మెట్లు లేవు, కమానుతో నాదము ఎంతసేపైనను నిలుచును. మాండలినునకు ఆ రెండు సౌకర్యములును లేవు. మీటిన నాదము మరుక్షణముననే అణగిపోవును. నాలుగు జతలుగా బిగించిన ఎనిమిది తీగెలను ప్రక్కకు లాగినచో జతలోని రెండును ఏకశ్రుతిలో నిలువవు. తోడి రాగపు గాంధారము ఒక మెట్టుపై నిలిచియుండునది కాదు, ఊగుచు వినబడవలసినది. అట్టి స్వరమును ఈ వాద్యము పలుకుట యెట్లు? శ్రీనివాసుగారు జతలను విడిచి అయిదు ఒంటితీగెలను బిగించిరి. బోలుపెట్టె లేని విద్యుత్ వాద్యమును గైకొని, అణగిపోవు నాదమునకు ఆయువు పోసిరి. ఎడమచేతి వ్రేళ్లను తీగెపై జార్చియు, లాగియు గమకమును సాధించిరి. అయిదవ తీగెతో మంద్రస్థాయికి విస్తారము కలిగినది. ఇది వింత కొఱకు చేసిన మార్పు కాదు; తోడి కోరిన మార్పు.

ఇక శక్తి బృందము. 1942లో ఇంగ్లండున పుట్టిన జాన్ మెక్‌లాఫ్లిన్ గిటారు విద్వాంసుడు. సుదీర్ఘ రచనలు, విషమ తాళములు, విద్యుత్ గిటారు గర్జన కలిసిన ప్రోగ్రెసివ్ రాక్ పాశ్చాత్య యువకులను ఉఱ్ఱూతలూపుచున్న దినములలో, 1971లో ఆయన మహావిష్ణు ఆర్కెస్ట్రాను స్థాపించెను. జాజును రాకును కలిపిన ఆ బృందమునకు గొప్ప కీర్తి వచ్చినది. ఆ కీర్తి నడుమనే ఆయన దృష్టి మన సంగీతముపై నిలిచెను. వయొలిన్ ఎల్. శంకర్, తబలా జాకీర్ హుస్సేన్, ఘటము విక్కు వినాయకరాములతో గూడి శక్తి యను బృందము నెలకొల్పి, 1976, 77 సంవత్సరములలో మూడు ఆల్బములు వెలువరించెను. ఆ బృందమునకై ఆయన చేయించుకొన్న గిటారును చదువరులు గమనింపవలెను. మెట్లకు నడుమ చెక్కను లోతుగా తొలిపించి, వీణపై వలె తీగెను లాగి స్వరమును ఊపుటకు వీలు కల్పించుకొనెను. ఇంగ్లండు గిటారు వీణవైపు నడచి వచ్చినది. తరువాతి కాలమున పాలకొల్లు బాలుడు ఐరోపా వాద్యమును వీణవైపు నడిపించెను. ఈ యిరువురును ఒకే సమస్యకు రెండు ఒడ్డులనుండి బయలుదేరినవారు.

1997 తరువాత ఆ బృందమే రిమెంబర్ శక్తి యను పేర మరల సాగినపుడు శ్రీనివాసుగారు అందు చేరిరి. 2000 సంవత్సరపు 'ది బిలీవర్' నందు నలుగురే: మెక్‌లాఫ్లిన్, జాకీర్ హుస్సేన్, శ్రీనివాస్, వినాయకరాముగారి కుమారుడు సెల్వగణేష్. మా మతమున ఇదియే ఆ బృందపు ఉత్తమ కృషి. గిటారును మాండలినును ప్రక్కప్రక్కన నడచుచుండగా ఒకటి ముగించిన పదమును రెండవది అందుకొనును. అందుకొన్నది తన నుడికారమున మార్చి పలుకును. మెక్‌లాఫ్లిన్ స్వరములను గుంపులుగా వెదజల్లును. శ్రీనివాసుగారు ఒక్క స్వరమును పట్టి దాని చుట్టును తిరుగుదురు. ఇరువురిలో వయస్సున చిన్నవారే నెమ్మది గలవారగుట విశేషము. 2001లో వెలువడిన 'సాటర్డే నైట్ ఇన్ బాంబే'లో అతిథులు పెక్కుమంది. పెండ్లివిడిదిలో అందఱును మాటలాడుచున్నట్లుండి, మాండలిన్ గొంతు ఆ సందడిలో పలుచబడినది.

సవాలు జవాబుల ఘట్టములు బృందపు కచేరీలలో ఎక్కువ చప్పట్లు తెచ్చినవి. మాకు తక్కువ తృప్తినిచ్చినవియు అవియే. వేగముననే వేగమును మించుట యొక క్రీడ. అందు ఎవరు గెలిచినను రాగము ఓడును. శ్రీనివాసుగారు ఆ క్రీడలో ఎవరికిని తీసిపోలేదు, కాని వారి విశిష్టత అచ్చట లేదు. 1995లో మైఖేల్ బ్రూక్ తో కలిసి చేసిన 'డ్రీమ్' నందలి దోషము దీనికి విపర్యయము. అచ్చట యంత్రనాదముల మంచు కమ్ముకొని, ఆలాపన కొన్ని తావుల అందులో మునిగిపోయినది.

మా సికింద్రాబాదున గిటారు క్రొత్త వస్తువు కాదు. దండు బజారులు, చర్చీలు, క్లబ్బులు గల ఊరు గదా. మా బడిపిల్లలలో గిటారు నేర్చువారు ఏటేట పెరుగుచున్నారు. "మా అబ్బాయి ఎంత స్పీడుగా వాయించునో వినుడు మాస్టరుగారూ" అని తండ్రులు మాతో గర్వముగా చెప్పుదురు. ఏ రాగము, ఏ పాట యని అడిగినచో ఉత్తరము లేదు. కర్ణాటక సంగీతమును ఇంట పూజించువారు గిటారును పిల్లవాని ఆటవస్తువనియు, గిటారు నేర్చువారు కర్ణాటకమును తాతమ్మల సొత్తనియు తలంచుచున్నారు. ఈ రెండిళ్ల నడుమ గోడ ఎంత పలుచనిదో చూపుటకు ఉదాహరణముగా నిలుచు విద్వాంసుడు తెలుగువాడే. ఆయన రికార్డులను ఏ గిటారు పాఠమునందును వినిపించినట్లు మా పిల్లలు చెప్పగా మేము వినలేదు. మొన్నటి సంవత్సరము తొమ్మిదవ తరగతివారికి 'ది బిలీవర్' నుండి ఒక ఆలాపనను వినిపించితిమి. ఒక బాలుడు ఇది గిటారా, వీణయా యని అడిగెను. అంతకు మించిన విమర్శ మేము వ్రాయజాలము.

తమ్ముడు రాజేష్‌గారు అన్నగారి శిష్యులై అదే వాద్యమున పేరొందినారు. బృందము 2023లో 'దిస్ మూమెంట్' అను ఆల్బమును వెలువరించినది. దానికి 2024లో గ్రామీ పురస్కారము లభించినది. ఆ యేడు డిసెంబరులోనే జాకీర్ హుస్సేనును గతించిరి. ఆ ఆల్బమునందలి తొలి రచన పేరు 'శ్రీనీస్ డ్రీమ్'. శ్రీనివాసుగారిని తలంచుకొని పెట్టిన పేరది. అందు మాండలిన్ లేదు. వారు కూర్చుండు తావున గణేష్ రాజగోపాలన్‌గారు వయొలిన్ వాయించుచున్నారు.