గాలి లేని జీవనం: పాస్టర్ నిర్వచనం ఎంతవరకు నిలుస్తుంది?

లూయీ పాస్టర్ 1876లో ప్రకటించిన 'బీరుపై పరిశోధనలు' అనే గ్రంథం పేరు చూచి, అది బీరు కర్మాగారాల యజమానుల కోసం వ్రాసినదని భ్రమపడరాదు. 1870–71 యుద్ధంలో ఫ్రాన్సు జర్మనీ చేతిలో ఓడిన పిమ్మట, జర్మను బీరును మించిన బీరు తన దేశంలో తయారు కావాలన్న పట్టుదలతో అతడు ఈ పనికి పూనుకొన్న మాట నిజమే. పరిశ్రమకు సంబంధించిన ఆ పుటలు నేడు చరిత్రకారులకు మాత్రమే పనికివస్తవి. అయితే కిణ్వనానికి ఒక నూతన సిద్ధాంతం ఇందులో కలదని గ్రంథం అట్టమీదనే అతడు చాటుకొన్నాడు. విలువ కట్టవలసింది ఆ సిద్ధాంతానికే.

గాలి దొరకని చోట జీవి బ్రతికే తీరే కిణ్వనమని ఆ సిద్ధాంతపు సారాంశం. నేటికీ ఈ మాట పాఠశాలల్లో వినబడుతూనే ఉన్నది. ఆమ్లజని ఉంటే శ్వాసక్రియ, లేకుంటే కిణ్వనం అని విద్యార్థి వల్లె వేస్తాడు. పరీక్షలో మార్కులూ వస్తవి.

దీనికి ఆధారమైన పరిశీలనలు మాత్రం అపూర్వమైనవి. 1861లో, చెడిన వెన్న కంపు కొట్టే బ్యుటిరికామ్లపు కిణ్వనాన్ని పరీక్షిస్తూ పాస్టర్ ఒక చుక్క ద్రవాన్ని గాజు పలకల మధ్య ఉంచి సూక్ష్మదర్శినిలో చూచాడు. చుక్క నడుమ బాక్టీరియా చురుకుగా ఈదుతున్నవి. గాలి తగిలే అంచున కదలిక లేక పడివున్నవి. ప్రాణవాయువని పేరు పొందిన ఆమ్లజని కొన్ని ప్రాణులకు గిట్టదని ఆ చుక్క తెలిపింది. ఆ సంవత్సరమే అతడు తూచి చూపిన సంగతి మరొకటి. గాలి బాగా ఆడేచోట 1 పాలు ఈస్టు పెరగటానికి 4 నుండి 10 పాళ్ల చక్కెర చాలింది. గాలి లేనిచోట 60 నుండి 80 పాళ్లు కావలసివచ్చింది.

ఇంత దుబారా ఎందుకు? 180 గ్రాముల గ్లూకోజు పూర్తిగా బొగ్గుపులుసు వాయువుగాను నీరుగాను మారితే సుమారు 686 కిలోకాలరీల శక్తి లభిస్తుంది. పాలను తోడుకొనజేసే బాక్టీరియా దానిని లాక్టికామ్లంగా మార్చి ఊరుకొంటే వెలువడేది సుమారు 47 మాత్రమే. మిగిలినదంతా పెరుగు పులుపులోనే ఉండిపోతుంది. వెలువడిన దానిలోనైనా కణం దాచుకొనేది ఒక్కొక్క గ్లూకోజు అణువుకు రెండు ఎ.టి.పి. అణువులే. ఈ ఎ.టి.పి.ని కండరాల నుండి మొదట వేరుపరచినవారిలో భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు ఒకరు. హార్వర్డులో ఫిస్కేతో కలిసి 1929లో ఆయన దానిని ప్రకటించారు. ఇదంతా పాస్టర్‌కు అందే కాలం కాదు.

అతని పొరపాటు గాలిని కొలబద్దగా తీసుకోవటంలో ఉన్నది. చూడవలసింది ఎలక్ట్రానులను. ఆహారం నుండి తీసిన ఎలక్ట్రానులను బాక్టీరియా మరొక పదార్థానికి అప్పగించక తప్పదు. కణపు పొరలోని వాహకాల వరుస గుండా వాటిని దాటించి, బయటనుండి వచ్చిన పదార్థానికి అందిస్తే అది శ్వాసక్రియ. ఆ దారిలో ప్రోటానులు పొర వెలుపలకు నెట్టబడి, తిరిగి లోనికి వచ్చేటప్పుడు ఎ.టి.పి. తయారవుతుందని పీటర్ మిచెల్ 1961లో ప్రతిపాదించాడు. తిన్న ఆహారంలో మిగిలిన ముక్కకే ఎలక్ట్రానులను తిరిగి అంటగడితే అది కిణ్వనం.

బయటి పదార్థం ఆమ్లజనియే కానక్కరలేదు. నైట్రేటు కావచ్చు, సల్ఫేటు కావచ్చు. నీరు నిలిచిన వరిమడిలో నైట్రేటు ఎరువు వేస్తే, గాలి అందని బురదలోని బాక్టీరియా దానితోనే శ్వాసించి, చాలాభాగాన్ని నత్రజని వాయువుగా మార్చి గాలిలో కలిపివేస్తవి. రైతు పెట్టిన డబ్బు బుడగలై పోతుంది. ఇది గాలి లేని జీవనమే, కాని కిణ్వనం కాదు. నైట్రేట్లను బాక్టీరియా ఇట్లా హరించటాన్ని దుపెటీతో కలిసి 1886లో వివరించిన గయోన్ పాస్టర్ శిష్యుడే కావటం విశేషం.

పెరుగు గిన్నెలో ఇందుకు తారుమారు. వాహకాల వరుస పూర్తిగా లేనందున అక్కడి బాక్టీరియా మూత తీసి గాలి తగలనిచ్చినా సాధారణంగా కిణ్వనమే చేస్తవి. చక్కెర మిక్కుటమైతే ఈస్టు కూడ గాలి ఉండగానే సారాయం చేస్తుంది. ఇక 1897లో ఎడ్వర్డ్ బూక్నర్, ఈస్టును నూరి పిండిన రసం కణాలు లేకుండానే చక్కెరను పులియబెడుతుందని చూపటంతో, నిర్వచనంలోని జీవనమన్న మాటకు కూడ పట్టు సడలింది.

గ్రంథానికి ఇంగ్లీషు అనువాదం 1879లో వెలువడింది. అది దొరికిన ఉపాధ్యాయులు ప్రయోగాలు వర్ణించిన పుటలను తరగతిలో చదివి వినిపించవచ్చు. నిర్వచనం వద్దకు వచ్చేసరికి మాత్రం, వరిమడి సంగతీ పెరుగు గిన్నె సంగతీ చెప్పి, అది ఎక్కడ సరిపోదో పిల్లలచేతనే వెతికించటం మంచిది.