దాచుకున్నదీ, కాపాడుకున్నదీ

కంప్యూటర్ ఆట మీద విమర్శ రాయడమేమిటి, ఈవిడకి నవలలు కరువయ్యాయా అని మీరు నవ్వుకుంటారేమో. నవ్వుకోండి గాని, చివరిదాకా చదవండి.

మొన్న వేసవిలో పెనుగంచిప్రోలు, మా అన్నయ్య వాళ్ళింటికి వెళ్ళాను. మున్నేట్లో నీళ్ళకంటే ఇసకే ఎక్కువ కనిపించే రోజులు. మధ్యాహ్నం భోజనాలై, వదినా నేనూ అలా నడుం వాల్చామో లేదో, పక్కగదిలోంచి మా మేనకోడలు "అత్తా! జోన్ పోయింది!" అని కేక పెట్టింది.

"జోన్ ఎవరే? నీ స్నేహితురాలా?" అంటూ పరిగెత్తాను. పిల్ల కళ్ళనిండా నీళ్ళు.

సంగతేమిటంటే, మా అన్నయ్య పాత కంప్యూటర్‌లో 'ఏజ్ ఆఫ్ ఎంపైర్స్' రెండో భాగం అనే ఆట వుంది. 1999లో అమెరికాలోని ఎన్‌సెంబుల్ స్టూడియోస్ తయారుచేస్తే మైక్రోసాఫ్ట్ విడుదల చేసింది. వూరు కట్టి, కట్టెలు కొట్టించి, పంట పండించి, సైన్యాన్ని కూడగట్టి శత్రువు కోట మీదికి వెళ్ళాలి. అందులో ఫ్రాన్సు వీరనారి జోన్ ఆఫ్ ఆర్క్ కథ ఆరు ఘట్టాలుగా వుంది. ఒక్కో ఘట్టం కూర్చున్న పళాన పూర్తయ్యేది కాదు. ఆపినచోట సేవ్ చేసుకుని, మర్నాడు మళ్ళీ అక్కణ్ణించే ఎత్తుకోవాలి. మా పిల్ల సెలవులన్నీ వెచ్చించి అయిదో ఘట్టానికి, పారిస్ ముట్టడికి వచ్చింది. ఆ రోజు తెరిస్తే, సేవ్ చేసినవాటి జాబితా ఖాళీ!

సోమవారం దాన్ని ఇంటర్ చదువుకి విజయవాడ హాస్టల్లో చేరుస్తున్నారు. ఇక రెండేళ్ళు ఆటా లేదు, పాటా లేదు.

"పోతే పోయింది, పెట్టె సర్దుకో" అంది వదిన. నాకు మాత్రం ప్రాణం వుసూరుమంది. ఎందుకంటే నేను సీరియల్స్ రాసినదాన్ని. 'సశేషం' అన్న మాట విలువ నాకు తెలుసు. పాలు పొంగుతున్నాయని లేచి, కుక్కరు కూసిందని లేచి, ఎవరో పిలిచారని లేచి, మళ్ళీ వచ్చి అదే పేరా దగ్గర కూర్చునే ఆడవాళ్ళకి, ఆపినచోటు పదిలంగా వుండడం కంటే పెద్ద గౌరవమేముంది? ఈ ఆటలో నాకు నచ్చిన మొదటి గుణం అదే. చెట్టు చెట్టుకీ, గొర్రె గొర్రెకీ లెక్క రాసిపెట్టుకుని, మధ్యలో లేచిపోయిన మనిషి కోసం ఎదురుచూస్తుంది.

హైదరాబాదులో వున్న మా అబ్బాయికి ఫోన్ చేశాను. "అమ్మా, ఆట తెరిచే పద్ధతి ఏమైనా మార్చారా?" అనడిగాడు. మార్చారట. ఎవరో చెప్పారని పిల్ల ఆ రోజు 'రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్' అని తెరిచింది. అదీ కిటుకు.

ఆనాటి ఆటలు సేవ్ చేసినవాటిని తమ ఫోల్డర్‌లోనే పెట్టుకునేవి. 2007లో జనానికి అందిన విండోస్ విస్టా నుంచి, భద్రత కోసం, ప్రోగ్రాములుండే చోట ఎవరు పడితే వాళ్ళు రాయడానికి వీల్లేకుండా చేశారు. పాత ప్రోగ్రాములు చిక్కులో పడకూడదని, అవి రాసినదాన్ని చప్పుడు చెయ్యకుండా 'వర్చువల్ స్టోర్' అనే మరో ఫోల్డర్‌కి చేరుస్తారు. మామూలుగా తెరిస్తే అక్కడివి కనిపిస్తాయి. అధికారంతో తెరిస్తే ఆట నేరుగా పాత చోటే వెతుక్కుంటుంది. పోపులపెట్టె మార్చిన సంగతి ఇంట్లో మసిలే కోడలికి తెలుసు. పెత్తనంతో వచ్చిన ఆడపడుచు పాత అలమరలో వెతికి, "ఈ ఇంట్లో పోపులపెట్టె కూడా లేదా!" అంటుంది. ఆడపడుచుని నేనే కాబట్టి నాకు బాగా అర్థమైంది.

మామూలుగా తెరిచాం. జాబితా అంతా తిరిగొచ్చింది! చివరిది మాత్రం తెరుచుకోలేదు. చూస్తే దాని సైజు సున్నా. సేవ్ అవుతుండగా కరెంటు పోయిందట. దానికి ముందుదాన్నించి మళ్ళీ ఆడుకుంది. అందుకే ఒకే పేరు మీద పదేపదే సేవ్ చెయ్యకుండా, రెండు మూడు పేర్లు మార్చి మార్చి వాడాలి. మరమ్మతుకి దిగేముందు అన్నిటికీ నకలు తీసుకోవాలి. ఎక్కడ దాస్తోందో ఆట ఒక్కమాట చెప్పివుంటే పిల్ల ఏడ్చేది కాదు. అది దీనిలో లోపం.

అసలు విశేషం ఆ తర్వాత వుంది. మొదటినించీ జోన్‌ని బతికించుకోవడమే ఆట. ఆమె చనిపోతే ఓడినట్టే. అందుకే పిల్ల అడుగడుక్కీ సేవ్ చేసింది. ఆదివారం రాత్రి పారిస్ ఘట్టం ముగించి ఆరోది తెరిచింది. అందులో జోన్ లేదు! 1431లో రువాన్ పట్నంలో, పందొమ్మిదేళ్ళ పిల్లని, మంటల్లో కాల్చేశారు. ఆమె పేరు తలుచుకుంటూ ఆమె సైన్యం చివరి యుద్ధం చేస్తుంది.

"ఇన్నిసార్లు సేవ్ చేశాను కదత్తా!" అంది పిల్ల.

ఇంగ్లీషువాళ్ళకి రెంటికీ సేవ్ ఒక్కటే మాట. మనకి దాచడం వేరు, కాపాడడం వేరు. దాచినవన్నీ కాపాడినట్టు కాదు. ఆ తేడా తెలిసినవాడే ఈ కథ రాశాడు. గెలుపు ఇచ్చి, మనిషిని ఇవ్వలేదు. ఎన్నో నవలలు చెయ్యలేని పని అది. ఈ వూళ్ళోనే, అత్తింట నిందలు పడి, భర్త గోపయ్య పులివాత పడ్డాక అగ్నిలో ప్రవేశించిందని చెప్పుకునే తిరుపతమ్మ కథని ఏటా తిరునాళ్ళలో తలుచుకుంటారు. ఆమెనీ ఎవరూ కాపాడలేదు. కథని మాత్రం ఆపినచోట పోనివ్వలేదు.

పిల్ల ఆ ఘట్టం ఆడలేదు. కాసేపు అలాగే కూర్చుని, సేవ్ చేసి లేచింది. నకలు పెన్‌డ్రైవ్‌లో పెట్టి నాకిచ్చింది.

సోమవారం బస్సు ఎక్కించి వచ్చాక వదిన చెయ్యి చాపింది. "పోతే పోయింది అన్నావుగా?" అన్నాను. జవాబు చెప్పకుండా పెన్‌డ్రైవ్ తీసుకుని, బీరువాలో తన గాజుల పెట్టెలో పెట్టి తాళం వేసింది.