ట్యాంకు పోయిందంటే

2018 అక్టోబరులో తిత్లీ తుపాను మా ఉద్దానం కొబ్బరినీ జీడినీ పడగొట్టి పోయాక, దారికి అడ్డంగా పడ్డ మానుల్ని తీయడానికి గొడ్డళ్లు చాల్లేదు. చాలా తోటల్లోకి చెట్లు కోసే మిషన్లు వచ్చింది అప్పుడే. అలాంటి మిషన్లే ఇప్పుడు ఒక్కొక్కటిగా నా బల్ల మీదికి వస్తున్నాయి. తెచ్చినవాళ్లు చెప్పే మాట దాదాపు ఒకటే: “పెట్రోలు కారతంది బాబూ, ట్యాంకు పోనాది.”

నిజంగా ట్యాంకే పోయినవి వాటిలో తక్కువ. పెట్రోలుకు ముందుగా లొంగేది ప్లాస్టిక్ కాదు, రబ్బరు. కార్బ్యురేటర్‌కు వెళ్లే పైపు, ఆ పైపు ట్యాంకు గోడ దాటే చోట ఉండే బుష్షు, మూత కింది వాషరు, లోపలికి గాలి వదిలే చిన్న వాల్వు... వీటన్నిటికీ వయసు మీద పడుతుంది. ఇప్పుడు బంకుల్లో పోసే పెట్రోల్లో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది, పాత రబ్బరు దానికి ఉబ్బి మెత్తబడుతుంది. వీటిలో ఏది కారినా చుక్క మాత్రం ట్యాంకు అడుగుకే జారి అక్కడ వేలాడుతుంది. అడుగున తడి కనిపించగానే సీలు మందు కలిపేవాళ్లను చూస్తే నాకు మనసు ఒప్పదు. ముందు కారుతున్న చోటు దొరకాలి. ట్యాంకు ఖాళీ చేసి, గాలి వాల్వు మూసి, పెట్రోలు పైపుకు చిన్న చేతిపంపు తగిలించి కొద్దిగా గాలి కొట్టి, పైన సబ్బు నురగ రాస్తే బుడగ ఎక్కడ లేచిందో అక్కడే ఉంది జబ్బు. చల్లగా ఉన్నప్పుడు చుక్క రాల్చని సన్నటి పగులు కూడా ఇలా బయటపడుతుంది. ఎండలో పెట్టిన మిషన్లో ఆవిరి పెరిగి అది నోరు తెరిచేదాకా ఆగనక్కర్లేదు.

పగులు ట్యాంకుదే అయితే, అది ఎక్కడుందో చూసి మిషన్‌ను ఎలా వాడారో చెప్పొచ్చు. చాలా మిషన్లలో ట్యాంకూ వెనక పిడీ ఒకే పోత. ఇంజిను అదురు చేతికి రాకుండా మధ్యలో రబ్బరు దిమ్మలుంటాయి. మానులో బ్లేడు ఇరుక్కున్నప్పుడు పిడి పట్టుకుని బలంగా లాగితే ఆ దిమ్మల స్క్రూలున్న చోటే చీలిక మొదలవుతుంది.

తర్వాత తెలియాల్సింది అది ఏ ప్లాస్టిక్ అని. పనంతా ఇక్కడే నిలబడుతుంది, ఇక్కడే చెడుతుంది. కొన్నిటి మీద పీఏ6-జీఎఫ్30 అని పోతలోనే అక్షరాలుంటాయి. అంటే నూటికి ముప్ఫై పాళ్లు గాజు నార కలిసిన నైలాన్. అక్షరాలు లేకపోతే కత్తితో చిన్న పెచ్చు గీకి నీళ్లలో ముంచి వదలండి. మునిగితే నైలాన్ అయ్యుండొచ్చు, తేలితే పాలిథీన్ జాతి. పాలిథీన్ మీద మామూలు జిగుర్లేవీ నిలవవు. ఎంత గరుకు చేసి పూసినా గోరుతో లేచి వచ్చేస్తాయి. దాన్ని అదే రకం ప్లాస్టిక్ ముక్కతో కరిగించి అతకాల్సిందే.

నైలాన్‌కూ నేను అతుకే నమ్ముతాను. కానీ అంతకుముందు ట్యాంకును శుభ్రం చేయడంలో తొందర పనికిరాదు. నిండు ట్యాంకు కంటే ఖాళీ ట్యాంకు ప్రమాదం. గాలిలో పెట్రోలు ఆవిరి నూటికి ఒకటిన్నర పాళ్లున్నా చాలు, అంటుకుంటుంది. సబ్బునీళ్లతో మళ్లీ మళ్లీ కడిగి, మూత తీసి, వాసన పూర్తిగా పోయేదాకా ఆరుబయట వదిలేస్తాను. వేడి పెట్టేటప్పుడు పగులు కింది వరకూ నీళ్లు నింపుతాను, ఆవిరికి చోటుండదు. మంట దగ్గరికి రానివ్వను, సోల్డరింగ్ ఐరన్ ఒక్కటే.

పగులు రెండు చివర్లా సన్నటి రంధ్రం వేస్తే అది ముందుకు పాకదు. పగులు పొడవునా గాడి తీసి, సన్నని స్టీలు జాలీ ముక్కను వేడితో లోపలికి దించి, పైన నైలాన్ పోస్తాను. కరెంటు వైర్లు కట్టే నల్ల టై చాలావరకు నైలానే. అది ట్యాంకు కంటే కాస్త ఎక్కువ వేడికి కరుగుతుంది కాబట్టి నిదానంగా, రెండూ కరిగి ఒకదాన్నొకటి పట్టేదాకా ఐరన్ కదపాలి. పైపైన కరిగి ముద్దగా కూర్చున్నది అతుకు కాదు. చల్లారాక మళ్లీ పంపు, మళ్లీ నురగ. ఆ తర్వాత టూటీ ఆయిల్ కలిపిన పెట్రోలు పోసి, కింద పాత పేపరు పరిచి రాత్రంతా ఉంచుతాను.

పిడి మొదట్లో పగులుంటే మాత్రం అతకను. బరువు పడేది, చెయ్యి ఉండేది, పట్టు తప్పితే గొలుసు మనిషి వైపు తిరిగేది ఆ ఒక్క చోటే. మూత మరల దగ్గర చీలినా అంతే. సైలెన్సరు అక్కడికి జానెడు దూరంలో కాగుతూ ఉంటుంది. ఆ రెండు చోట్లా కొత్త ట్యాంకే వేయాలి, లేదంటే పాడైపోయిన మిషన్లోంచి బాగున్న ట్యాంకు తేవాలి. మానులు కోయడానికి పొద్దున్నే వెళ్లాలని బతిమాలినా సరే, అది దొరికేదాకా మిషన్ నా దగ్గరే ఉంచమంటాను.