యంత్రం ఊహించాలి, సిద్ధాంతం తేల్చాలి

ప్రోటాన్ ద్రవ్యరాశిలో క్వార్కుల సొంత వాటా దాదాపు ఒక శాతమే. మిగతాదంతా క్వార్కులు, గ్లూయాన్ల శక్తి. దీన్ని సిద్ధాంతం నుంచి లెక్కగట్టాలంటే కాగితం, కలం చాలవు. 1974లో భౌతిక శాస్త్రవేత్త కెన్నెత్ విల్సన్ చూపిన దారిలో స్థలకాలాన్ని గళ్ల జాలకంగా పరిచి, క్షేత్రం దాల్చగల రూపాలను కంప్యూటర్‌తో పుట్టించి సగటు తీయాలి.

చాంద్రాయణగుట్టలోని మా ఇంటి కంప్యూటర్‌కు క్వార్కుల లెక్క అందదు. రెండు కొలతల చిన్న జాలకం మీద ఫై-ఫోర్ అనే సాదా సిద్ధాంతం మాత్రం నడుస్తుంది. ఈ పనిలో కష్టం ఎక్కడుందో తెలియడానికి అది చాలు. మాంటీకార్లో పద్ధతి ఉన్న రూపాన్నే కాస్త కదిపి కొత్తది చేస్తుంది. క్షేత్రం దశ మారే చోటికి దగ్గరయ్యేకొద్దీ కొత్తది పాతదాన్ని వదలదు. రాత్రంతా నడిపినా కొత్తగా తెలిసేది కొంచెమే.

2019లో భౌతిక శాస్త్రవేత్తలు ఆల్బెర్గో, కన్వర్, షనహాన్ వేరే దారి పట్టారు. యాదృచ్ఛిక సంఖ్యలను నేరుగా క్షేత్ర రూపాలుగా మలచడం న్యూరల్ నెట్‌వర్క్‌కు నేర్పారు. ఆ మలచడాన్ని వెనక్కి తిప్పవచ్చు. అందువల్ల ఏ రూపం ఎంత సంభావ్యతతో పుట్టిందో కచ్చితంగా తెలుస్తుంది. దాన్ని సిద్ధాంతం కోరే సంభావ్యతతో పోల్చి, ఆ రూపాన్ని ఒప్పుకోవడమో తోసిపుచ్చడమో చేస్తారు. నాకు ఈ పద్ధతి మీద గౌరవం కలిగింది ఇక్కడే. ఊహించే పని యంత్రానిది, తీర్పు సిద్ధాంతానిది.

అయినా కాపలా తప్పదు. ఫై-ఫోర్‌లో క్షేత్రం గుర్తు మార్చినా సిద్ధాంతం మారదు. కాబట్టి ఏ దశలోనైనా ధన, రుణ రూపాలు సమానంగా రావాలి. యంత్రం ధన రూపాలనే నేర్చుకుంటే, పుట్టించినవన్నీ దాదాపుగా ఆమోదం పొందుతాయి, సగం లోకం మాత్రం కనబడదు. అందుకే ఆమోదాల శాతం చూసి నేను తృప్తి పడను. సగటు క్షేత్రం రెండు వైపులా ఎలా పరుచుకుందో గీసి చూస్తాను.

ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివిన గణాంక శాస్త్రవేత్త సి.ఆర్. రావు, దత్తాంశం నుంచి పిండగల కచ్చితత్వానికి హద్దు ఉందని 1945లోనే నిరూపించారు. గచ్చిబౌలిలో హైదరాబాద్ విశ్వవిద్యాలయ ప్రాంగణంలో ఆయన పేరిట ఒక సంస్థ ఉంది. నమూనాలు గుట్టలుగా పోసినంత మాత్రాన జ్ఞానం పెరగదన్న క్రమశిక్షణ మనకు ఆ వారసత్వం నుంచే రావాలి.

నాలుగు కొలతల అసలు క్వార్కుల లెక్కలో ఈ న్యూరల్ నెట్‌వర్క్ పద్ధతి ఇంకా చాలా దూరం నడవాలి. ఆ పనికి మన పిల్లలు పూనుకోవాలని నా కోరిక. పూనుకునేవారు యంత్రానికి శిక్షణ ఇచ్చే ముందే, దాని తప్పును పట్టే పరీక్ష రాసి పెట్టుకోవాలి.